బరువు తగ్గే రోజుల్లో మాత్రల వేళలు, భోజనం వేళలు

మీరు రాసిన వివరాలన్నీ ముందు ఒక వరసలో పెట్టుకుంటాను. వయసు 52, ఎత్తు 158 సెంటీమీటర్లు. తొమ్మిది వారాల క్రితం 88 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 81. హైపోథైరాయిడ్ పదేళ్లుగా, షుగర్ నాలుగేళ్లుగా, బీపీ అంతకంటే ముందు నుంచీ ఉంది. ఉదయం ఏడింటికి థైరాయిడ్ మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్, వాటితో పాటు కాల్షియం, ఐరన్, విటమిన్ డి, జుట్టు కోసం బయోటిన్, బరువు తగ్గడానికని గ్రీన్ టీ సారం ఉన్న క్యాప్సూల్, అన్నీ ఒకేసారి పాలు కలిపిన కాఫీతో మింగుతున్నారు. ఉదయం తినడం మానేశారు. మొదటి భోజనం మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండోది రాత్రి ఎనిమిదింటికి, సాయంత్రం ప్రోటీన్ పొడి. పదకొండు గంటల ప్రాంతంలో చేతులు వణుకుతున్నాయి. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రెండు వారాలుగా తూకం కదలడం లేదు. ఏ సప్లిమెంట్ ఎప్పుడు వేసుకోవాలి, ఇంకేమైనా చేర్చాలా అని అడిగారు.

చేర్చే సంగతి పక్కన పెడదాం. తీసేయవలసినవి ఉన్నాయి, వేళ మార్చవలసినవి ఉన్నాయి, ఒకటి మాత్రం రేపు ఉదయానికి ముందే సరిచేయవలసినది ఉంది.

నేను పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రిలో పోషకాహార సలహా ఇస్తున్నాను. ఏ జబ్బూ లేకుండా కేవలం బరువు తగ్గాలని నా దగ్గరకు వచ్చేవారు తక్కువ. ఎక్కువమందికి షుగరో, బీపీయో, థైరాయిడో, ఒక్కోసారి మూడూ కలిసి ఉంటాయి. వాళ్లందరికీ మొదటి రోజే చెప్పే మాట మీకూ చెబుతున్నాను. మీ మందులు 88 కిలోల మనిషికి, మూడు పూటలా తినే మనిషికి రాసినవి. ఇప్పుడు మీరు ఆ మనిషి కారు. తిండి మారింది, బరువు మారింది, మాత్రలు మాత్రం పాత లెక్కలోనే నడుస్తున్నాయి. మీరు చెప్పిన ఇబ్బందుల్లో సగం ఆ తేడాలోంచి పుట్టినవేనని నా నమ్మకం. మోతాదు మార్చడం నా పని కాదు, మీ పని కూడా కాదు, డాక్టరు పని. కానీ ఆయనకు ఏమి చెప్పాలో, ఏ లెక్కలు చూపించాలో తెలిసి వెళ్తే ఆ పని త్వరగా జరుగుతుంది.

పదకొండింటి వణుకును తేలిగ్గా తీసుకోవద్దు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. లోపలికి వెళ్లగానే క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఏడింటికి మాత్ర వేసుకుని ఒంటిగంట వరకు ఏమీ తినకపోతే ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ లాగేస్తుంది. అందుకే ఈ మాత్రను రోజులో మొదటి పెద్ద భోజనంతో వేసుకోమంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం దాదాపు ఉండదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవారికి, ఇన్సులిన్ తీసుకునేవారికి ఉంటుంది.

ఒకసారి ఒక పెద్దాయన నా గదిలోకి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టబోయారు. పెన్ను కాగితం మీద ఆనింది గానీ ముందుకు కదలలేదు. ఫ్యాను కిందే కూర్చున్నా చొక్కా వీపంతా తడిసిపోయింది. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 52. అంతకు ముందు వారమే ఆయన ఒక పూట భోజనం మానేశారు, మాత్ర మాత్రం మానలేదు. పంచదార నీళ్లు తాగిన పావుగంటకు తేరుకుని, రిజిస్టరు వైపు చూసి ఆ వంకర గీత ఎవరు గీశారని అడిగారు. అదే సమయంలో ఆయన బండి నడుపుతూ ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి రేపు ఉదయం టిఫిన్ మానకండి. డాక్టరుకు ఫోను చేసి, ఉదయం తినడం మానేశానని, పదకొండింటికి వణుకు వస్తోందని ఆ రెండు ముక్కలూ చెప్పండి. మాత్ర సగం చేయాలా, ఆపాలా, మధ్యాహ్నానికి మార్చాలా అన్నది ఆయన చెబుతారు. వణుకు వచ్చిన ప్రతిసారీ గ్లూకోమీటరుతో చూసి కాగితం మీద రాయండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తాగండి. లెక్క పెరిగిందని అక్కడితో వదిలేయకుండా తర్వాత ఏదైనా తినాలి, ఎందుకంటే ఈ రకం మాత్రల పని గంటల తరబడి సాగుతుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. చాక్లెట్ పనికిరాదు. అందులోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు.

ఇక లేచినప్పుడు కళ్లు తిరగడం. బరువు తగ్గితే బీపీ తగ్గుతుంది, అది మనం కోరుకున్నదే. దానికి తోడు పిండిపదార్థం, ఉప్పు తగ్గించిన మొదటి వారాల్లో శరీరం నీటిని బాగా వదిలేస్తుంది. పైన టెల్మిసార్టాన్ పాత మోతాదులోనే ఉంది. మూడూ కలిసి రక్తపోటును మరీ కిందికి లాగుతున్నాయేమో చూసుకోవాలి. ఇంట్లో బీపీ మిషను ఉంటే ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి. నిలబడ్డప్పుడు పై లెక్క 20 గానీ, కింది లెక్క 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ అంకెలు డాక్టరుకు చేరాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మాత్రను, మెట్‌ఫార్మిన్‌ను వేసుకోవాలా వద్దా అన్నది కూడా ముందుగానే అడిగి పెట్టుకోండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ రెండూ ఇబ్బంది పెట్టగలవు.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక. ఉప్పు తగ్గించాలని చాలామంది తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం స్థానంలో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ లాంటి మందులు శరీరంలో పొటాషియాన్ని నిలిపి ఉంచుతాయి. మూత్రపిండాలు కాస్త నెమ్మదించిన మనిషి ఈ రెండూ కలిపి వాడితే గుండె లయ తప్పేంత ప్రమాదం ఉంది. మామూలు ఉప్పే వాడండి, తక్కువగా వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజంతటికీ 5 గ్రాముల లోపు, అంటే చదునుగా ఒక టీ చెంచా.

ఇప్పుడు థైరాయిడ్ మాత్ర. మీ ఉదయపు గుప్పెడు మాత్రల్లో ఎక్కువ అన్యాయం జరుగుతున్నది దీనికే. లెవోథైరాక్సిన్ చాలా సున్నితమైన మందు. పరగడుపున, మంచినీళ్లతో వేసుకుంటేనే పేగు దాన్ని సరిగ్గా పీల్చుకుంటుంది. కాఫీ ఆ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. కాల్షియం, ఐరన్ అయితే పేగులోనే దానికి అతుక్కుని రక్తంలోకి వెళ్లనివ్వవు. వీటికీ దానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మీలాగే ఒకావిడ రెండేళ్లలో మూడుసార్లు మోతాదు పెంచుకున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే పెరిగే రక్తపరీక్ష అంకె) పదికి కిందికి దిగలేదు. ఆవిడ సంచిలోంచి డబ్బాలు తీసి బల్ల మీద పెట్టించి, రోజూ ఎలా వేసుకుంటారో నా ముందే చేసి చూపించమన్నాను. అరచేతిలో ఆరు మాత్రలు పోసుకున్నారు, పెద్దది అడుగున, చిన్నది పైన. ఆ చిన్నదే థైరాయిడ్ మాత్ర, దాని కింద ఉన్నది కాల్షియం. మోతాదు అలాగే ఉంచి వేళలు మాత్రమే మార్చాం. తర్వాతి పరీక్షలో మోతాదు తగ్గించవలసి వచ్చింది.

మీకూ ఆ పరిస్థితి రావచ్చు, రెండు కారణాలతో. వేళ సరిచేస్తే మందు ఎక్కువగా ఒంటబడుతుంది. బరువు తగ్గితే కావలసిన మోతాదే తగ్గుతుంది, ఎందుకంటే ఈ మందును బరువును బట్టి లెక్కగడతారు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు మోతాదు ఎక్కువైన గుర్తులు. అందుకని వేళ మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

వేళలు ఇలా అమర్చుకుంటే బాగుంటుంది. లేవగానే, ఆరింటికి అనుకుందాం, థైరాయిడ్ మాత్ర ఒక్కటే, గ్లాసు మంచినీళ్లతో. ఏడింటి వరకు కాఫీ కూడా వద్దు. ఏడు దాటాక టిఫిన్, దానితో మెట్‌ఫార్మిన్. డాక్టరు కొనసాగించమంటే గ్లిమెపిరైడ్ కూడా అప్పుడే. బీపీ మాత్రకు తిండితో పేచీ లేదు, రోజూ ఒకే వేళకు పడితే చాలు. పదకొండున్నరకు, అవసరమని తేలితే ఐరన్. మధ్యాహ్న భోజనంతో విటమిన్ డి. రాత్రి భోజనంతో కాల్షియం, అది కూడా అవసరమైతేనే. ఉదయం లేవగానే మాత్ర కుదరని ఉద్యోగమైతే థైరాయిడ్ మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకునే పద్ధతి కూడా ఉంది. రాత్రి భోజనమై కనీసం మూడు గంటలు గడవాలి, ఆ భోజనంతో కాల్షియం ఉండకూడదు. ఎనిమిదింటికి తినే మీకు ఉదయమే సులువు.

అవసరమైతే అని రెండుసార్లు అన్నాను. ఐరన్ ఎవరు రాశారు, ఏ పరీక్ష చూసి రాశారు అన్నది మీరు చెప్పలేదు. నీరసంగా ఉందని ఎవరో చెబితే కొనుక్కున్నట్టయితే ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలను చెప్పే ఫెరిటిన్ చూపించండి. నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ నిజంగానే తక్కువుంటే మాత్ర వేసుకుని ఊరుకోకూడదు, ఎక్కడైనా రక్తం పోతోందేమో కడుపు, పేగులు కూడా చూడాలి. ఈ మాట నేను ప్రతి ఒక్కరికీ నొక్కి చెబుతాను. మాత్ర లోపాన్ని పూడుస్తుంది, కారణాన్ని కప్పేస్తుంది. లోపం ఉందని తేలితే రోజు విడిచి రోజు వేసుకోవడం గురించి అడగండి. ఒక రోజు వేసుకున్న ఐరన్ వల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచుతుంది, అది మరునాడు పేగు తలుపు కొంత మూసి ఉంచుతుంది. అందుకే విడిచి విడిచి వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటబట్టేది పెరుగుతుంది, మలబద్ధకమూ తగ్గుతుంది. దానికి గంట ముందు, రెండు గంటల తర్వాత టీ కాఫీలు వద్దు. నిమ్మరసమో, పుల్లని పండో తోడుంటే మంచిది. ఇంకో విషయం, ఐరన్ లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ పరీక్ష, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. షుగర్ లెక్కలూ మూడు నెలల పరీక్షా పొంతన కుదరకపోతే ఇది గుర్తు పెట్టుకోండి.

కాల్షియం విషయంలో తిండి లెక్క ముందు. మీ వయసు స్త్రీకి రోజు మొత్తం మీద 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది, పెరుగులోనూ ఇంచుమించు అంతే. రోజుకు అర లీటరు పాలు, పెరుగు కలిపి తీసుకుంటే సగం అక్కడే వచ్చేసింది, ఆకుకూరలూ పప్పులూ ఇంకొంత ఇస్తాయి. మిగిలిన కొరతకే మాత్ర, ఒక విడతకు 500 మిల్లీగ్రాములు మించకుండా. డబ్బా మీద కాల్షియం కార్బొనేట్ అని ఉంటే తిండితోనే వేసుకోవాలి, దానికి కడుపులోని ఆమ్లం కావాలి. సిట్రేట్ అని ఉంటే ఎప్పుడైనా సరే. మీరు గ్యాస్ మాత్రలు కూడా రోజూ వాడుతున్నట్టయితే సిట్రేట్ మేలు.

విటమిన్ డి కొవ్వులో కరిగేది, అందుకే నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేయమన్నాను. దీని మోతాదు మీరు రాయలేదు. రక్తపరీక్ష చూసి డాక్టరు రాసిన పెద్ద మోతాదు కొన్ని వారాలకే పరిమితం, ఆ వారాలు అయ్యాక ఆపాలి. చాలామంది ఆపరు, చీటీ పట్టుకుని దుకాణంలో మళ్లీ మళ్లీ తెచ్చుకుంటారు. సొంతంగా రోజూ వేసుకునేవారికి పెద్దల హద్దు 4000 యూనిట్లు. నెలల తరబడి అది దాటితే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, దాహం, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు రావచ్చు.

మీ డబ్బాల్లో లేనిదీ, మీకు అవసరం పడవచ్చని నాకు అనిపించేదీ ఒక్కటే, బి12. నాలుగేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, అది ఏళ్లు గడిచేకొద్దీ బి12 ను తగ్గిస్తుంది. మాంసాహారం తినని వారిలో ఇంకా త్వరగా. అరికాళ్లలో తిమ్మిర్లు వస్తే షుగర్ వల్లేనని సరిపెట్టుకుంటారు, అసలు దోషి బి12 కావచ్చు. పరీక్ష చేయించి, తక్కువుంటేనే వేసుకోండి.

గ్రీన్ టీ సారం క్యాప్సూల్‌ను ఈ రోజే ఆపేయండి. కప్పులో తాగే గ్రీన్ టీ వేరు, దాన్ని పిండి గుళికలో కూరిన సారం వేరు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ సారాలను పరిశీలించి, అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆ పైన సప్లిమెంట్ల రూపంలో తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని చెప్పింది. కొందరిలో అంతకంటే తక్కువకే కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దాని బదులు వచ్చే లాభం తూకం మీద కనిపించేంత కూడా ఉండదు. అసలు బరువు తగ్గిస్తామనే గుళికలన్నిటి మీదా నాకు గట్టి అనుమానం ఉంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో చాలా దేశాల మార్కెట్ల నుంచి తీసేసిన సిబుట్రమీన్ అనే మందు, ఆ తర్వాత కూడా మూలికా గుళికలమని చెప్పుకున్న సరుకులో కలిసి దొరికింది. బీపీ ఉన్న మీరు అలాంటి పందెం ఆడకూడదు.

ఇక తిండి. మీ రెండు పూటల పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోటు ప్రోటీన్. తక్కువ తిని బరువు తగ్గేవారిలో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. యాభై దాటాక పోయిన కండ తిరిగి రావడం కష్టం, మోకాళ్ల భారమంతా మోసేది ఆ కండే. మీ ఎత్తుకు, బరువుకు రోజుకు 75 నుంచి 85 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఒక్క షరతు ఉంది. ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చూపించాలి. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే ఈ లెక్క తగ్గించాలి, అది డాక్టరుతో కలిసి తేల్చుకోవలసినది.

అంత ప్రోటీన్ రెండు పూటల్లో కుక్కడం కష్టం. మూడు పూటలకు ఇరవై ఐదేసి గ్రాములుగా పంచితే కడుపు నిండుగా ఉంటుంది, మధ్యలో ఆకలి చంపుకోనక్కరలేదు. గుడ్డుకు ఆరు గ్రాములు, పావు లీటరు పాలకు ఎనిమిది, ఉడికిన పప్పు లేదా శనగలు పెద్ద కప్పుకు పదిహేను నుంచి పద్దెనిమిది, వండిన చేప, కోడిమాంసం వంద గ్రాములకు ఇరవై రెండు నుంచి ముప్పై. ఈ నాలుగు అంకెలు నోటికి వస్తే చాలు, యాప్ అక్కరలేదు. ప్రోటీన్ పొడి చెడ్డది కాదు, డబ్బాలో దొరికే తిండి అనుకోండి, అంతే. ఉదయం వండుకునే తీరిక లేని రోజు ఒక చెంచా పొడిని పాలలో కలుపుకుంటే ఆ పూట గడుస్తుంది. డబ్బా వెనుక చదవండి. కొన్నిటిలో కాల్షియం, ఐరన్ కలుపుతారు, అలాంటిది థైరాయిడ్ మాత్రకు దూరంగా ఉండాలి. కొన్నిటిలో చక్కెర ఉంటుంది.

పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం ప్రోటీన్, పావు భాగం అన్నమో రొట్టో. కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని పిండిపదార్థం చివర తింటే అదే భోజనానికి షుగర్ తక్కువగా పెరుగుతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకొంత తగ్గుతుంది. మోకాలు నొప్పి ఉంటే ఇంట్లోనే, మెల్లగా. ఇవి డబ్బు ఖర్చు లేని పనులు, గ్లూకోమీటరుతో మీరే రెండు రోజులు పోల్చి చూసుకోవచ్చు.

ప్యాకెట్ తిండి గురించి ఒక ప్రయోగం చెబుతాను. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టింది. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు, తినగలిగినంత తినమన్నారు. ప్రాసెస్ చేసినది తిన్న రోజుల్లో వాళ్లకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. మనోబలం లేదని నా ముందు కన్నీళ్లు పెట్టుకున్న వాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను. తప్పు మనసుది కాదు, ముందున్న తిండిది.

కొవ్వును పూర్తిగా మానేయకండి. వేగంగా బరువు తగ్గేవారిలో, మరీ కొవ్వు లేని తిండి తినేవారిలో పిత్తాశయం సరిగ్గా ముడుచుకోక రాళ్లు ఏర్పడతాయి. వారానికి కిలోన్నర దాటితే ఈ ముప్పు బాగా పెరుగుతుంది. మీ వేగం వారానికి ముప్పావు కిలో, అది చాలా మంచి వేగం. అయినా భోజనం తర్వాత పొట్ట పైభాగంలో కుడివైపు గట్టి నొప్పి వచ్చి వీపుకో భుజానికో పాకితే గ్యాస్ అనుకుని సర్దుకోవద్దు.

తూకం కదలకపోవడం గురించి మీరు పడుతున్న దిగులుకు కారణం లేదు. శరీరం దాచుకునే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. మొదట్లో అది ఖాళీ అయినప్పుడు తూకం దబదబా పడింది, ఇప్పుడు సర్దుకుంటోంది. ఒక రోజు ఉప్పు ఎక్కువైతే కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. నడుము చుట్టుకొలత చూడండి, రెండు వారాలకోసారి, బొడ్డు దగ్గర. మీరు తగ్గిన ఏడు కిలోలు మొదటి బరువులో ఎనిమిది శాతం. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో షుగర్ అంచున ఉన్నవారికి పెట్టిన లక్ష్యం ఏడు శాతమే. ఆ లక్ష్యంతో, వారానికి 150 నిమిషాల వ్యాయామంతో కొత్తగా షుగర్ వచ్చేవారి సంఖ్య 58 శాతం తగ్గింది. మీకు షుగర్ ఇప్పటికే ఉంది గనుక ఇంకో అధ్యయనం మీకు దగ్గరగా ఉంటుంది. 2017లో వచ్చిన, బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పేరుతో జరిగిన అధ్యయనంలో ఆరేళ్ల లోపు షుగర్ ఉండి ఇన్సులిన్ వాడని వారిని తీసుకున్నారు. బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన వారిలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది, 15 కిలోలు ఆ పైన తగ్గిన వారిలో 86 శాతం మందికి. మీది నాలుగేళ్ల షుగర్. ఇంకా దారి తెరిచే ఉంది. ఆ అధ్యయనంలో ఆహారం తగ్గించిన మొదటి రోజే వైద్యుల పర్యవేక్షణలో షుగర్, బీపీ మందులు ఆపారు. ఆహారంతో పాటు మందునూ కదపాలని పైన నేను అన్నది ఊరికే అన్న మాట కాదు.

జుట్టు సంగతి. ఆహారం బాగా తగ్గించిన రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలడం మామూలే. శరీరం ఆ ఒత్తిడికి చాలా వెంట్రుకలను ఒకేసారి విశ్రాంతి దశలోకి పంపుతుంది, అవి తర్వాత కలిసి రాలతాయి. కుదుళ్లు చనిపోవు. తిండి కుదుటపడితే ఆరు నెలల్లోపు చాలావరకు తిరిగి వస్తుంది. మీ విషయంలో ప్రోటీన్ తక్కువ, థైరాయిడ్ మందు ఒంటబట్టడం లేదు, ఐరన్ సంగతి తేలలేదు. ఈ మూడూ సరిచేయడమే జుట్టుకు మందు. బయోటిన్ లోపం చాలా అరుదు. రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములైతే జుట్టు మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు పెడుతున్నారు. అది జుట్టుకు చేసే మేలు సంగతి ఎలా ఉన్నా, రక్తపరీక్షలను మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపించి, థైరాయిడ్ మందు ఎక్కువైందని డాక్టరు పొరబడేలా చేయగలదు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తక్కువగా చూపించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే కాదు, డబ్బాలన్నీ, ప్రోటీన్ పొడితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. వారం రోజుల షుగర్ లెక్కలు, పడుకుని నిలబడి చూసిన బీపీ లెక్కలు ఒకే కాగితం మీద ఉండాలి. టీఎస్‌హెచ్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, కాలేయ పరీక్షలు రాయగలరా అని అడగండి. రక్తం ఇచ్చే రోజు థైరాయిడ్ మాత్రను రక్తం ఇచ్చిన తర్వాతే వేసుకోండి. బయోటిన్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆగాలి, పెద్ద మోతాదైతే ఇంకా ముందే. ఈ రాత్రే ఆ డబ్బా మూతపెట్టి సంచిలో వేసేస్తే వచ్చే వారం మీ టీఎస్‌హెచ్ నిజం చెబుతుంది.